కారణం రాయాల్సిన గడి

"ఏడాదికి అంగుళం కూడా పెరగని మొక్కలకి రోజూ నువ్వెందుకు? అవేమన్నా పాలకేడుస్తాయా?" అన్నాడు మా ఆయన, నేను ఇస్త్రీ చేసిన చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ.

అత్తగారికి తుంటి ఆపరేషన్ అయింది. వారం సెలవు పెడదామనుకున్నాను. ఆయన బాల్కనీలోకి వెళ్లి మా ల్యాబ్ డైరెక్టర్‌కి ఫోన్ చేసి నెల అడిగేశాడు. నన్ను మాత్రం అడగలేదు. లోపలికొచ్చి, పని అయిపోయిందన్నాడు, కరెంటు బిల్లు కట్టొచ్చినట్టు.

బయట ఎక్కడా మిగలని మొక్కల్ని గోరంత ముక్కలుగా గాజు గొట్టాల్లో దాచడం నా ఉద్యోగం. చల్లటి గది, మసక వెలుతురు, గొట్టం అడుగున జెల్లీలో అరకొర తిండి. చావకూడదు, పెరగకూడదు. ఈ కిటుకు నేను చదువుకుని నేర్చుకున్నాను గానీ, పదకొండేళ్లు కాపురం చేసిన ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. ఏడాదికోసారి మాత్రం చిగురు కోసి కొత్త తిండిలోకి మార్చాలి. కొండదుంప గొట్టాలు ఇరవై నాలుగింటికి ఈ నెలే గడువు. ఆ దుంప పెరిగే ఒకే ఒక్క కొండని క్వారీ వాళ్లు పిండి చేసి నాలుగేళ్లయింది.

ఇరవయ్యో రోజు అత్తగారికి స్నానం చేయిస్తుంటే మా జూనియర్ అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, గది వేడెక్కించి రెండు వారాలైంది. మీకు చెప్పొద్దన్నారు."

అత్తగారు సబ్బు నురగలోంచి నా మొహం చూసింది. "ఒళ్లు తుడిచేసి వెళ్లు. అన్నం వాడు పెడతాడు. గరిటె పట్టుకుంటే చెయ్యేం విరగదు" అంది.

సంగతేమిటంటే, ఎవరో అతిథులొచ్చారు. మొక్కలు తిండి లేని పిల్లల్లా ఉన్నాయని, పరువు పోతుందని, డైరెక్టర్ ముందుగానే గదిని పదిహేను డిగ్రీల నుంచి ఇరవై ఎనిమిదికి పెంచాడు. లైట్లన్నీ వేయించాడు. మొక్కలు ఎగబాకి పెరిగాయి. అందరూ ఫొటోలు దిగారు. ఆ తర్వాత గొట్టాల్లో ఉన్న కాస్త తిండీ అయిపోయింది.

నేను వెళ్లేసరికి ఇరవై ఒక్క గొట్టాల్లో గోధుమరంగు పీచు. మూడింట్లో మాత్రం ఆవగింజంత పచ్చదనం. కత్తి మంటలో కాల్చి, చల్లార్చి, ఒక్కో చిగురూ కోసి కొత్త గొట్టాల్లో నిలబెట్టాను. ఒక్క కోత తప్పినా ఆ దుంప ఇక లేదు. బ్యాగులో ఫోన్ నాలుగుసార్లు మోగింది. మా ఆయనే అయ్యుంటాడు, గరిటె ఎక్కడుందో అడగడానికి.

డైరెక్టర్ రిజిస్టర్ పట్టుకుని వచ్చాడు. 'నష్టానికి కారణం' అన్న గడి ఖాళీగా ఉంది.

"మీ సెలవు వల్ల అని రాసేయండమ్మా. సెలవు పెట్టడం నేరం కాదుగా. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

ఆయన లెక్కలో 'ఎవరికీ' అంటే నేను కాదు. పెన్ను తీసుకున్నాను. గది వేడి పెంచిన తేదీ, పదిహేను, ఇరవై ఎనిమిది, ఎవరి ఆదేశంతో. ఆయన పేరు ఇంటిపేరుతో సహా రాశాను.

ఆయన మొహం మాడింది. గొంతు మాత్రం మెత్తగానే ఉంది. "తొందరపడకండి. ఇంటికెళ్లి మీ వారితో ఒకసారి మాట్లాడి రాయండి."

అప్పటిదాకా ఆ గడిలో ఒక్క కారణమే ఉంది. రెండోది గుర్తు చేసింది ఆయనే. కింద ఇంకో వాక్యం రాసి సంతకం పెట్టాను.

"నా సెలవు నేను అడిగింది కాదు. ఇప్పుడే రద్దు చేసుకుంటున్నాను."