గేటు పుస్తకం

రంగులు తయారుచేసే ఆ కంపెనీలో చీఫ్ అకౌంటెంటుని అందరూ నిప్పుగారనేవారు. ఆ పేరు ఆయన చేజేతులా తెచ్చుకున్నదే. ఏటా వ్యాపార నీతి మీద క్లాసు చెప్పేది ఆయనే. "నేను నిప్పులాంటి మనిషిని" అని మొదలుపెట్టి రెండు గంటలు ఊదరగొట్టేవాడు. రంగుల కంపెనీలో నిప్పు ఉండకూడదన్న సంగతి మాత్రం ఆయనకెప్పుడూ తట్టలేదు.

ఆ ఏడు అమ్మకాలు చతికిలబడ్డాయి. ఏడాది ఆఖరి రోజున ఎండీ పిలిచి, గోడౌన్లో ఉన్న నాలుగు వేల డబ్బాలూ అమ్మేసినట్టు బిల్లులు రాయమన్నాడు. "వచ్చే నెల ఎలాగూ అమ్ముతాం కదండీ. కాస్త ముందు రాసుకుంటే కొంపలేం మునుగుతాయి?"

నిప్పుగారు నీళ్ళు నమిలాడు. రాబోయే ప్రమోషన్ గుర్తొచ్చింది, ఇంటి లోను వాయిదా గుర్తొచ్చింది. క్లాసులో చెప్పినవాట్లో ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు. పెన్ను రాయనని మొరాయిస్తే, విదిలించి మరీ సంతకం పెట్టాడు ఆ మహానుభావుడు.

బిల్లులు, లారీ నంబర్లు, అన్నీ పకడ్బందీగా అమర్చాననుకున్నాడు. గేటు దగ్గరున్న వాచ్‌మన్ తాతని మరిచిపోయాడు. గేటు దాటి ఏది బయటికెళ్ళినా తాత పుస్తకంలోకి ఎక్కాల్సిందే. క్యాంటీన్ పిల్లి చేపముక్కతో ఉడాయిస్తే అదీ రాశాడు. అలా రాయాలని నేర్పింది కూడా నిప్పుగారే, క్లాసులో తాతని ముందు వరసలో కూర్చోబెట్టి మరీ.

రెండు నెలల తర్వాత ఆడిటరమ్మ వచ్చింది. బిల్లుల కట్ట పక్కకి నెట్టి, గేటు పుస్తకం తెప్పించింది. ఆ తేదీ పేజీలో ఒక్క లారీ లేదు.

"ముసలాడు రాయడం మరిచాడు" అన్నాడు ఎండీ తడుముకోకుండా. "ఇవాళే వాణ్ణి ఉద్యోగంలోంచి పీకేస్తాం. ఏమంటారు నిప్పుగారూ?"

తాత తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మరిచిపోయానంటారా బాబూ? మీరంటే నిజమే అయ్యుంటుంది. ఈమధ్య చూపు కూడా సరిగా ఆనడం లేదు."

తిట్టినా బాగుండేది. నిప్పుగారికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ముసలాడి అన్నంలో మన్ను పోసి, మళ్ళీ ఏడాది ఏ మొహంతో నీతి చెప్తాడు? చెప్తాడు, శుభ్రంగా రెండు గంటలు చెప్తాడు. తన సంగతి తనకి తెలుసు కాబట్టే భయమేసింది.

"తాత మరిచిపోలేదండీ. డబ్బాలు గోడౌన్ దాటలేదు. అవి దొంగ బిల్లులు. ఎండీగారు రాయమన్నారు, నేను రాశాను."

ఆయన క్లాసులన్నిటిలోకీ చిన్నది అదే.

సాయంత్రానికి ఉద్యోగం ఊడింది. సంచీతో గేటు దగ్గరికొస్తే, తాత అలవాటుగా తెరిచి చూశాడు. గొడుగు, టిఫిన్ డబ్బా, భార్య ఫోటో. అయినా పక్కకి తప్పుకోలేదు.

"జేబులో పెన్ను కంపెనీది బాబూ" అన్నాడు మొహమాటంగా.

నిప్పుగారు తీసిచ్చాడు. తాత దాన్ని సొరుగులో పెట్టి, పెన్ను ముట్టినట్టు పుస్తకంలో రాసి, సంతకం పెట్టమని ఆయన వైపు తిప్పాడు. నిప్పుగారు ఖాళీ జేబు తడుముకున్నాడు. తాత తన సొంత పెన్ను అందించాడు.