అత్తగారు పలకని పేర్లు

నరిన్ విశ్వవిద్యాలయంలో ఆ రోజు మెదడు ఆరోగ్యం మీద పరిశోధనల ప్రదర్శన. పరీక్షల్లో పాల్గొన్న పెద్దవాళ్ళను, వాళ్ళ ఇంటివాళ్ళను కూడా భోజనానికి పిలిచారు. కాలిపా తన అత్తగారు బూరుల్చాను ప్రయాణికుల వ్యానులో తీసుకొచ్చింది. రావడంలో కాలిపాకు తన పని ఒకటుంది. వచ్చే వారం మందలతో కొండ పచ్చికకు వెళ్ళాలి. ఈసారి అత్తగారిని వెంట తీసుకెళ్ళకుండా ఎండాకాలమంతా రాజధాని బిష్కెక్‌లో ఆడబిడ్డ ఫ్లాటులో ఉంచాలని ఇంట్లో అనుకున్నారు. ఆ మాట పరీక్షలు చేయించిన డాక్టరమ్మ చేత చెప్పిస్తే ఆవిడ వింటుందని కాలిపా ఆశ.

కిందటి శరదృతువులో విద్యార్థులు ఊరికి వచ్చి, బొమ్మలు చూపించి, బూరుల్చాకు మతిమరుపు మొదలైందని తేల్చారు. అప్పటినుంచి ఆవిణ్ణి పొయ్యి వెలిగించనివ్వడం లేదు. పెట్టె తాళాలు కాలిపా నడుముకు చేరాయి. పసివాడైన మనవణ్ణి కూడా ఎత్తుకోనివ్వడం లేదు.

బూరుల్చా భోజనాల బల్ల దగ్గర తోటి ముసలమ్మల మధ్య కూర్చుంది.

“ఈ పులావులో మాంసం ఎక్కడుందో కనిపెట్టడం కూడా పరీక్షేనా పిల్లలూ?” అంటోంది. ముసలమ్మలు నవ్వుతున్నారు.

ఆవిణ్ణి అక్కడే ఉంచి కాలిపా హాల్లోకి వెళ్ళింది. ఊరికి వచ్చిన విద్యార్థిని ఐజిరెక్ ఒక తెర పక్కన నిలబడి, చుట్టూ చేరినవాళ్ళకు వివరిస్తోంది.

“పేరు చెప్పను. ఒక పెద్దావిడ. వస్తువేదో ఆవిడకు తెలుసు, దేనికి వాడతారో తెలుసు, పేరు మాత్రం దొరకదు. జబ్బు మొదట్లో ఇలాగే ఉంటుంది. వినండి.”

తెర మీద గొడ్డలి బొమ్మ వచ్చింది.

“కట్టెలు కొట్టేది,” అంది రికార్డులోని గొంతు.

తర్వాత పొట్టేలు. “మంద ముందు నడిచేది.”

తర్వాత సింహం. “జూలున్నది.”

“పేరు చెప్పవ్వా,” అని ఐజిరెక్ అడగడం, “చెప్పాను కదమ్మా,” అని ఆ గొంతు విసుక్కోవడం వినిపించాయి. ఎవరో చిన్నగా నవ్వారు. ఒకామె పాపం అంది.

అది అత్తగారి గొంతు. బూరుల్చా మామగారి పేరు అర్స్తాన్, అంటే సింహం. ఇద్దరు బావగార్లలో ఒకాయన బల్తా, ఒకాయన కొచ్కోర్. అంటే గొడ్డలి, పొట్టేలు. కోడలిగా అడుగుపెట్టిన ఆడది భర్త వైపు పెద్దల పేర్లు పలకదు. ఆ పేరు ఒక వస్తువుకో జంతువుకో ఉంటే దాన్నీ ఇంకోలా అంటుంది. కాపురానికి వచ్చిన మొదటి చలికాలంలో కాలిపాకు ఇదంతా నేర్పింది అత్తగారే. కొన్నాళ్ళు కాలిపా కూడా “కట్టెలు కొట్టేది” అనే అంది. పట్నంలో పెరిగిన నాలుక, తర్వాత మానేసింది. అత్తగారు ఏమీ అనలేదు.

పరీక్ష జరిగిన రోజు కాలిపా పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చుంది. ఇంటివాళ్ళు జవాబులు అందించకూడదు అన్నారు. ఆమె అందించలేదు.

మధ్యాహ్నం నమాజు వేళయింది. కాలిపా ఖాళీ తరగతి గదిలో తువ్వాలు పరుచుకుని మొదలుపెట్టింది గాని, వంగి లేచే వరసల్లో ఎన్నో రకాతులో ఉందో మరిచిపోయింది. మళ్ళీ మొదటినుంచి చేసింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. తాళాలు తన దగ్గరే ఉంటాయి, ఎండాకాలం కొండ మీది గుడారంలో తన మాటే చెల్లుతుంది. నుదురు నేలకు ఆనించి ఇలాంటివి ఆలోచిస్తున్నందుకు సిగ్గేసింది.

లేచి నేరుగా ఐజిరెక్ దగ్గరికి వెళ్ళింది. వాళ్ళ ప్రొఫెసర్, డాక్టరమ్మ రాకియా కూడా అక్కడే ఉంది.

“ఆ గొంతు మా అత్తమ్మది. ఆ గొడ్డలి ఆవిడ బావగారు. పొట్టేలు ఇంకో బావగారు. సింహం మామగారు,” అంది కాలిపా.

పక్కనున్న కుర్రాడు నవ్వబోయి ప్రొఫెసర్ మొహం చూసి ఆపుకున్నాడు. ఐజిరెక్ మొహం పాలిపోయింది.

“నాకు తెలియదక్కా. మా ఇంట్లో ఇదెవరూ పాటించరు. మా అమ్మ తన మామగారిని పేరు పెట్టే పిలుస్తుంది.”

“నువ్వు అడిగి ఉండాల్సింది,” అంది రాకియా. తర్వాత కాలిపా వైపు తిరిగింది. “ఆ రోజు మీరు పక్కనే ఉన్నారా?”

“ఉన్నాను.”

“అయిపోయాకైనా చెప్పలేదేం?”

కాలిపా అత్తగారు కూర్చున్న బల్ల వైపు చూపించింది.

రాకియా వేరే బొమ్మలు తీసుకుని భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళింది. బూరుల్చా తడుముకోకుండా కత్తెర, నక్క, బకెట్టు, తాళం అని చెప్పేసింది.

“ఈ బకెట్టు గీసినవాడెవడు? పిడి ఇలా పెడితే నీళ్ళు కాళ్ళ మీద పడతాయి.”

“ఇంకా పూర్తిగా పరీక్షించాలి. కాని ఆ రోజు మేము తేల్చింది తప్పు. మమ్మల్ని క్షమించండమ్మా,” అంది రాకియా. ఐజిరెక్ అప్పటికే తెర ఆపేసింది.

బయట ఎండలో బల్ల మీద కూర్చున్నాక కాలిపా జరిగిందంతా అత్తగారికి చెప్పింది. ఆవిడ తలగుడ్డ సర్దుకుంది.

“నీకు తెలియదని నేననుకోలేదమ్మాయ్. నీకు నేర్పిందే నేను. వింటూ కూర్చున్నావు, మాట్లాడలేదు. కోడలికి ఇంటి పెత్తనం కావాలని ఉంది, అడగడానికి మొహమాటం, అందుకే ఈ దారిన తీసుకుంటోంది అనుకున్నా. తాళాలు ఇవ్వడం నాకేం కష్టం కాలేదు. పిల్లాణ్ణి చేతుల్లోంచి లాక్కున్నావు చూడు, అది కష్టమైంది.”

అయ్యో, నాకు తట్టలేదు అత్తమ్మా అనే మాట కాలిపా నోటిదాకా వచ్చింది. అది అబద్ధం కాదు. కాని ఇన్ని నెలలూ ఆవిడ ఉత్త చేతులతో కిటికీ దగ్గర కూర్చుంటే తన ప్రాణం హాయిగానే ఉంది. తట్టలేదా, తట్టకుండా చూసుకుందా? అల్లాకే తెలియాలి. ఆమె ఆ మాట అనలేదు. ఫోను తీసి భర్త ఎసెన్‌కు చేసింది.

“అత్తమ్మ మనతో కొండకు వస్తారు.”

“డాక్టర్లు ఒప్పుకున్నారా?”

“ఆవిడ బాగానే ఉన్నారు. నేనే పక్కన కూర్చుని చెప్పాల్సింది చెప్పలేదు. ఇంటికొచ్చాక అందరి ముందూ చెబుతాను. తాళాలు కూడా ఇచ్చేస్తాను.”



“గుడారం తాళ్ళు తడి మీద చుట్టి పెట్టొద్దని చెప్పు వాడికి,” అంది అత్తగారు. “పోయినేడు కుళ్ళబెట్టాడు.”

కాలిపా ఆ మాట అలాగే చెప్పి ఫోను పెట్టేసింది.

వ్యాను వచ్చింది. మెట్టు ఎత్తుగా ఉంది. కాలిపా చేయి అందించింది. బూరుల్చా ఆ చేతిని చూసింది, పట్టుకోలేదు. తలుపు అంచు పట్టుకుని తానే ఎక్కి కూర్చుంది. కాసేపటికి, తన పక్క సీటు మీదున్న సంచీని తీసి ఒళ్ళో పెట్టుకుంది. కాలిపా ఎక్కి, ఆ ఖాళీలో కూర్చోవచ్చో లేదో తెలియక, వ్యాను కదిలేదాకా నిలబడే ఉంది.