పాలతల్లికి పెట్టని బట్టలు

ఊయలను అక్రోటు చెట్టు నీడలోకి ఎవరు జరిపారన్న అనుమానం ఇనోబత్‌ను ఇరవై మూడేళ్లుగా పీడిస్తూనే ఉంది. తాను జరపలేదు. ఆ రోజు అక్కడ ఉన్నది ఇంకొక్కతే, పొరుగింటి హోజర్. అయినా ఏనాడూ నోరు తెరిచి అడగలేదు.

అక్రోటు నీడ బరువైనదని అర్స్లన్‌బాబ్ అడవిలో నడక రాని పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. కాయలు ఏరే రోజుల్లో ఎంత అలసిపోయినా దాని కింద ఎవరూ కునుకు తీయరు. ఆ నీడలో నిద్రపోయిన పసిబిడ్డను జిన్నులు వదలవంటారు. అప్పుడు ఇనోబత్ కూతురు మునిస్‌కు ఆరో నెల. చెక్క ఊయలను ఎండ పడేచోట ఉంచి ఊటకు నీళ్లకు పోయింది. అక్కడ ఆడవాళ్లతో మాటల్లో పడి తిరిగొచ్చేసరికి ఊయల నీడలో ఉంది. కాస్త ఎగువన హోజర్ వంగి కాయలు ఏరుతోంది. సాయంత్రానికి పిల్ల ఒళ్లు కాలిపోయింది. మూడో రోజుకు పిల్ల లేదు.

"నీడలో ఎవరే పడుకోబెట్టింది?" అని అత్తగారు నిలదీస్తే ఇనోబత్ తల వంచుకుని హోజర్ ఇంటివైపు చూసింది. అంతే. ఒక్క మాటా అనలేదు. ఆ చూపు చాలింది. ఆ తర్వాత ఊళ్లో ఏ తల్లీ తన బిడ్డను హోజర్ చేతికి ఇవ్వలేదు.

ఆ హోజరే మునిస్‌కు పాలతల్లి. పురిటి జ్వరంతో ఇనోబత్‌కు పాలు ఎండిపోతే, తన బిడ్డతో పాటు ఈ బిడ్డనూ మూడు నెలలు రొమ్ముకు వేసుకుంది. బిడ్డకు ఏడాది నిండిన రోజున పాలిచ్చిన తల్లికి కొత్త గౌను కుట్టి పెట్టాలి. పెట్టకపోతే ఆ పాలు బిడ్డ మీద అప్పుగా ఉండిపోతాయి. ఏడాదే నిండని పిల్లకు ఏ గౌను, ఏ అప్పు అనుకుంది ఇనోబత్. అనుకుందే గానీ, నమాజు చివర చేతులు చాచినప్పుడల్లా ఆ అప్పే గుర్తొచ్చేది.

ఈ ఏడు అక్రోట్లు విరగకాశాయి. ఇంటికప్పు మీద కాయలు ఆరుతున్నాయి. వసారాలో దారాలకు గుచ్చిన ఆపిల్ ముక్కలు వేలాడుతున్నాయి. కోడలు దిలఫ్రూజ్ పరుపులు విప్పి, దూది ఏకి, కొత్త గుడ్డ వేసి కుడుతోంది. పది నెలల మనవడు ఇల్హోమ్ ఆ దూదిలో దొర్లి తుమ్మినప్పుడల్లా కోడలు పగలబడి నవ్వుతోంది. చూసినవాళ్లకు కడుపు నిండే ఇల్లు. ఇనోబత్ కూడా పిండి పిసుకుతుంది, పండ్ల మురబ్బా కలుపుతుంది, రొట్టె మీద పువ్వు అచ్చు వేస్తుంది. ఏ పనికీ వంక పెట్టలేం. సంతోషం మాత్రం గడప దాకా వచ్చి, లోపలికి రమ్మని ఎవరూ అనక వెనక్కి పోతుంది.

"అత్తమ్మా, హోజర్ అమ్మ రొట్టె ముట్టి నాలుగు రోజులైందట," అంది దిలఫ్రూజ్ సూది ఆపకుండానే.

"ఎవరన్నారు?"

"వాళ్ల కూతురు, గోడ మీంచి. రేపో మాపో అంటోంది. ఊరంతా వెళ్లి తప్పులుంటే మన్నించమని అడిగి వస్తున్నారు. మిగిలింది మీరే."

"నాకు కాళ్లనొప్పులు."

"పక్కింటికి పోవడానికా? మొన్న సంతకు కొండ దిగి ఎక్కితే రాని నొప్పి!"

"నోరు బాగా పెరిగింది నీకు. లేచి తందూరు రాజెయ్యి."

ఇనోబత్ తానే ఇల్హోమ్‌ను ఎత్తుకుపోయి, పెరట్లో ఎండలో చిన్న పరుపు వేసి పడుకోబెట్టింది. రెండు వాయిల రొట్టెలు కాల్చి, చెమట తుడుచుకుంటూ ఇటు తిరిగింది. పెరటి చివరి అక్రోటు నీడ పిల్లాడి ముఖం మీద నల్లగా పరుచుకుని ఉంది.

"ఎవరే జరిపింది వీణ్ని?" అని అరిచింది. ఊరు వినేలా అరిచింది.

దిలఫ్రూజ్ పరుగున వచ్చి పిల్లాణ్ని చూసి, అత్తను చూసింది. "ఎవరు జరుపుతారు? పరుపు మీరు వేసినచోటే ఉంది. పొద్దు తిరిగింది, అంతే. ఎందుకత్తమ్మా అలా అరుస్తున్నారు?"

ఇనోబత్ పిల్లాణ్ని ఎండలోకి తెచ్చుకుని రొట్టెల బుట్ట పక్కనే నేలమీద కూర్చుంది.

నీడను చాచేదీ, ముడిచేదీ అల్లాయే అని నాన్నమ్మ చిన్నప్పుడు నేర్పింది. ఆ మాట వెయ్యిసార్లు పలికింది గానీ, అది తన ఊయల గురించి కూడానని ఎన్నడూ తోచలేదు. ఇన్నాళ్లూ నింద హోజర్ నెత్తిన ఉంది కాబట్టి ఆయన్ని ఏదీ అడగాల్సిన పని పడలేదు. ఇప్పుడు హోజర్‌ను తప్పిస్తే, ఆ ఊయల పక్కన నిలబడి ఉన్నదెవరు? అడగబోయి భయపడి, లెంపలు వేసుకుంది. అయినా ప్రశ్న పోలేదు.

పండగకు కొడుకు తెచ్చిన పూలగుడ్డ తీసి కత్తెర వేసింది. "అది మీకు తెచ్చింది కదా," అని కోడలు అంటున్నా వినిపించుకోలేదు. సాయంత్రపు అసర్ నమాజు వేళకు గౌను పూర్తయింది.

హోజర్ పరుపు మీద పిడికెడు ఎముకల్లా ఉంది. కూతురు ఇనోబత్‌ను చూసి, పలకరించకుండానే పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఆపా," అంది ఇనోబత్, వెనకటిలా అక్కా అని పిలిచినట్టు.

"ఇనోబత్‌వా? ఇల్లు కనుక్కోడానికి బాగానే తిరిగినట్టున్నావే. ఇరవై మూడేళ్లు పట్టింది."

"ఊయలను నువ్వు జరపలేదు."

"లేదు."

"మరి ఒక్కసారైనా ఆ మాట చెప్పలేదేం?"

"ఎవరడిగారు?" హోజర్ ఆమె వైపు తల తిప్పింది. "నువ్వే నీడలో పెట్టి మరిచిపోయావనుకున్నాను. కన్నతల్లివి. బిడ్డ పోయిన ఇంట్లోకొచ్చి ఆ మాట ఎలా అననే?"

"నేనూ పెట్టలేదాపా. పొద్దు తిరిగింది. మనలో ఎవరం పెట్టలేదు."

"ఎవరూ పెట్టలేదా?" అంది హోజర్. "మరి మనిద్దరం ఇన్నాళ్లూ..." ఆ మాట అక్కడే వదిలేసింది.

ఇనోబత్ గౌను విప్పి చూపింది. "మునిస్ తాగిన పాలకు."

"ఇన్ని పూలా? రేపు తెల్లగుడ్డ చుట్టించుకునేదానికి?" అంటూనే చెయ్యి లేపబోయింది. లేవలేదు. కూతురు వెనక నుంచి పట్టుకుంటే, ఇనోబత్ ఆ చేతులను ఒక్కొక్కటిగా గౌనులో దూర్చింది. గౌను వదులై భుజాల మీంచి జారిపోయింది. వెనకటి హోజర్‌ను తలుచుకుని కుట్టిన కొలత అది.

"ఇందులో ఇంకో ఇద్దరు పడతారు. నన్ను ఇంకా గంగాళమంత ఉన్నాననుకున్నావా?"

"ఆపా, నన్ను మన్నించావా?"

హోజర్ గౌను మీది పూలను వేళ్లతో తడుముకుంది.

"పాల సంగతి తీరింది. నీ బిడ్డ మీద నాకేమీ లేదు, అల్లా సాక్షి. మిగతాది నన్నడగకు. అంత ఓపిక లేదు నాకు."

ఇనోబత్ సరేనన్నట్టు తల ఊపింది. మెడ దగ్గర విడిపోయిన అంచులు దగ్గరికి లాగి, బొత్తాలు పెట్టింది.