ఫ్రిజ్ కిస్తీకి హమీద్ సాబ్ ఒప్పుకోలు

లక్సెట్టిపేటలో హమీద్ సాబ్‌ను మించిన దస్తావేజు లేఖరి లేడు. ఈ మాట ఎక్కువగా ఆయనే చెబుతుంటాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు నలభై ఏళ్లుగా బల్ల వేసుకుని, సంతకమో వేలిముద్రో పడనిదే సొంత బామ్మర్దిని కూడా కదలనిచ్చిన మనిషి కాదు. అలాంటి ఆయన ఖాతాలోంచి ఫ్రిజ్ కిస్తీ దానంతట అదే కట్ అయిపోయింది. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నాలుగు పేజీల ఫిర్యాదు రాసుకుని, భార్య ఖాజాబీని వెంటబెట్టుకుని బ్యాంకుకు పోయాడు.

"పైసలియ్యనంటలేను మేడం. నెలనెలా నా చేత్తోని కడుత, రసీదు తీసుకుంట. గని నేను సంతకం పెట్టకుండ నా ఖాతల చెయ్యి పెట్టుడేంది?" అని మేనేజర్ మంజులను నిలదీశాడు.

మంజుల ఓపికగా కంప్యూటర్‌లో చూసింది. "ఫ్రిజ్ కొన్ననాడు షాపుల మీ కార్డు నంబరు కొట్టిండ్రు గదా అంకుల్. మీ ఫోన్‌కు ఓటీపీ వచ్చింది, అదీ మీరే కొట్టిండ్రు. నెలనెలా కట్ చేసుకొమ్మని ఒప్పుకున్నట్టే. గట్ల ఒప్పుకున్నా చట్టప్రకారం చెల్లుతది. వద్దనుకుంటే ఎప్పుడన్న ఆపుకోవచ్చు, కిస్తీ మాత్రం కట్టాలె."

"ఆరంకెలు నొక్కితే ఒప్పుకున్నట్టా? ఎదురుంగ మనిషి లేకుండ ఫోన్‌ల ఒప్పుకునుడు అసలు ఒప్పుకునుడే కాదు! గది చెల్లదు!"

అరుపంతా కోపం కాదు, సగం భయం. ఆరంకెలే సంతకమైతే రేపు తన బల్ల దగ్గరికి ఎవరొస్తారు? నలభై ఏళ్ల పనికి విలువేముంది? ఆ దిగులు కొన్నాళ్లుగా ఆయన్ను తొలిచేస్తోంది.

పక్కన కూర్చున్న ఖాజాబీ గొంతు సవరించుకుంది.

"ఆఫ్రీన్ కే అబ్బా, జర ఆగుండ్రి. లాక్‌డౌన్‌ల మన బిడ్డ ఆఫ్రీన్ నిఖా ఎట్లయింది? అల్లుడు నదీమ్ షార్జాల, మనం గీడ. ఫోన్‌లనే గదా 'ఖుబూల్ హై' అని ఒప్పుకున్నడు? మా అన్న అడ్డంపడితే, 'మాట మాటే, ఎదురుంగ అన్నా ఫోన్‌ల అన్నా' అని కొట్లాడింది మీరే గదా? గిప్పుడు చెల్లదంటె నా మనవరాలి సంగతేంది?"

క్యూలో ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. నదీమ్ బంగారంలాంటి పిల్లాడు. ఇక ఆ మనవరాలంటే హమీద్ సాబ్‌కు ప్రాణం. ఈ వాదన గెలిస్తే ఇంట్లో మొహం చూపించలేడు. ఓడిపోతే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది ఆయనకు.

మంజుల చేయి చాపింది. "ఫిర్యాదు ఇయ్యుండ్రి అంకుల్, పెద్దాఫీసుకు పంపిస్త."

హమీద్ సాబ్ చివరి పేజీ తిప్పి, అడుగున ఖాళీగా ఉన్న చోటు చూశాడు. తర్వాత కాగితాలు నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"గిది చెల్లదు మేడం," అన్నాడు గంభీరంగా. "నేను సంతకమే పెట్టలే."