బాయిలరు గదిలో చీపురుపుల్ల

హుమేరా తయారుచేసిన బర్నరు పగటిపూట ఉన్నట్టుండి ఆరిపోయేది. ఎందుకు ఆరిపోతుందో ఆమెకు అంతుపట్టలేదు. శనివారం లోపల ఆ సంగతి తేల్చకపోతే ఆదివారం దాన్ని ఊడదీసి పాత బర్నరునే మళ్లీ బిగిస్తానని రాజమౌళి చెప్పేశాడు. సిరిసిల్లలో బట్టకు రంగులద్దే షెడ్డు ఆయనది. బాయిలరు ఆయనది. కాబట్టి మాట కూడా ఆయనదే.

హుమేరాది కోరుట్ల. నేను పనిచేసే బడి కూడా అక్కడిదే, నా దగ్గరే సైన్సు చదువుకుంది. వాళ్ల నాన్న అబ్దుల్ రహీం పెళ్లి వంటలవాళ్లకు గ్యాసు పొయ్యిలు చేసిపెడతాడు. జగిత్యాలలో డిప్లొమా అయ్యాక హుమేరా ఉద్యోగం వెతుక్కోకుండా తండ్రి దుకాణంలోనే ఒక మూల ఆక్రమించి, ఇనుప రేకులు కోసుకుంటూ, వంచుకుంటూ ఈ బర్నరు చేసింది. దాన్ని ఒక అసలు బాయిలరుకు పెట్టి చూడటానికి ఒప్పుకున్నవాడు చుట్టుపక్కల జిల్లాల్లో రాజమౌళి ఒక్కడే. ఇక్కడ ఓడిపోతే ఇంకో తలుపు తెరుచుకోదు.

అప్పుడు దసరా సెలవులు. హుమేరా తల్లి సకీనాబీ మా ఇంటి గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

"పిల్ల ఒక్కతే ఈ వారమంత రోజు సిరిసిల్ల దాక పోయొస్తది సార్. జెర తోడు పోతరా?"

తోడు ఎవరికి అవసరమో ఆమెకు తెలుసు. వేసవి నుంచి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటున్నాను. నేను చెప్పులు వేసుకున్నాను.

బస్సు కథలాపూర్ దాటి, చందుర్తి దాటి పోతున్నంతసేపూ హుమేరా కిటికీ అద్దం మీద వేలితో బొమ్మ గీసి నాకు బర్నరు సంగతి చెప్పింది. పాతదానిలో గ్యాసు ఒక దారిన, గాలి ఒక దారిన వచ్చి, పొయ్యి లోపల ఎక్కడ ఎదురుపడితే అక్కడ కలిసేవి. కలవకుండా మిగిలింది మసి అయ్యేది. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే పిల్లలంతా ఒక్క గేటు మీద పడ్డట్టన్నమాట. హుమేరా గాలి వచ్చే దారిలో వంపు రెక్కలు పెట్టింది. గాలి సుడి తిరుగుతూ వస్తుంది. ఆ రెక్కల సందుల్లోనే సన్నని బెజ్జాల గుండా గ్యాసు వచ్చి ఆ సుడిలో కలుస్తుంది. పొగగొట్టంలోకి పోయే పొగను కూడా కొంత వెనక్కి లాగి అందులో కలిపింది. దానివల్ల మంట ఒక్కచోటే మాడ్చెయ్యదు, పొయ్యి అంతటా సమంగా కాగుతుంది. గ్యాసు తక్కువ, మసి లేదు. మంట పొట్టిగా, నీలంగా, దాదాపు చప్పుడు లేకుండా ఉంటుంది.

ఆ చప్పుడు లేకపోవడంతోనే మొదటి పేచీ వచ్చింది.

బాయిలరు చూసుకునేది మొగిలి. అరవైకి దగ్గరపడ్డ మనిషి. భార్య లసుమవ్వ బీడీలు చుడుతుంది. కంపెనీవాళ్లు బాగాలేవని తీసిపారేసిన బీడీలన్నీ మొగిలి జేబులోకే వస్తాయి. సోమవారం మేము వెళ్లేసరికి ఆయన బాయిలరు ముందు కూర్చుని కొత్త బర్నరును అనుమానంగా చూస్తున్నాడు.

"మండుతున్నదా బిడ్డా?"

"మండుతున్నది కాకా."

"మరి అరుస్తలేదేంది? పాతది అరిస్తే మూడు గల్లీల దాక ఇనవడేది. గిది మూతి ముడుచుకొని కూసున్నది. అరిచే మొగునితోని ఏగచ్చు గని అలిగే మొగునితోని ఏగలేమంటది మా లసుమవ్వ."

"అలుగలేదు కాకా. దాని పని అది చేసుకుంటున్నది. అద్దంల నుంచి చూడు."

బర్నరు పక్కన అరచేతిలో సగం ఉండే ఒక అద్దం కిటికీ ఉంది, లోపలి మంటను చూసుకోవడానికి. అప్పుడప్పుడు తుడవాలి కాబట్టి హుమేరా దాన్ని చేత్తో తెరిచేట్టు మడతబందు మీద పెట్టింది. దాని పక్కనే ఒక చిన్న కన్ను. మంట కనపడుతున్నంతసేపే ఆ కన్ను గ్యాసు వదులుతుంది. కనపడకపోతే టప్పున కట్టేస్తుంది. ఆరిన పొయ్యిలోకి గ్యాసు నిండితే ప్రమాదం కదా.

మొగిలి అద్దంలోంచి చూసి పెదవి విరిచాడు. "దీపావళి నాడు మా మనుమడు కాల్చే కాకరపువ్వొత్తి ఇంతకంటె నయం."

సోమవారం మూడుసార్లు ఆరింది. మంగళవారం కూడా అంతే. ఆరిన ప్రతిసారీ లోపలి గాలినంతా ఊదేసి మళ్లీ వెలిగించేసరికి ఆవిరి తగ్గిపోతుంది. తొట్టిలో రంగు చల్లబడి బట్ట మీద మచ్చలు పడతాయి. రాజమౌళి ఒక మచ్చల బట్ట భుజాన వేసుకుని వచ్చాడు.

"ఏమమ్మా, గిది సీరెనా, జింక తోలా?"

హుమేరా తల దించుకుని గ్యాసు గొట్టాలు మళ్లీ చూసింది. కరెంటు హెచ్చుతగ్గులు చూసింది. తలుపులోంచి గాలి కొడుతుందేమోనని గోనెపట్టా కట్టింది. మొగిలి ఆమె వెంటే తిరుగుతూ సలహాలిచ్చాడు.

"నిమ్మకాయలు, మిరపకాయలు కడదామా బిడ్డా?"

"ఏడ కడతవ్ కాకా?"

"దాని మొఖానికే."

"మొఖానికి కడితే మిరపకాయలు ఏగుతయి. గల్లీకి గల్లీ తుమ్ముకుంట తిరుగుతది."

బుధవారం మొగిలి రాలేదు. వీర్నపల్లిలో బంధువుల ఇంట్లో దినాలకు పోయాడు. ఆ రోజు ఒక్కసారే ఆరింది, మధ్యాహ్నం భోజనాల తరువాత. హుమేరా మిగతావన్నీ మరిచిపోయి అదొక్కటే పట్టుకుంది. "తిన్నంక ఎందుకు ఆరింది సార్? దానిక్కూడ కునుకు పడుతదా?"

గురువారం మొగిలితో నేను ఒంటరిగా కూర్చున్నాను. హుమేరా బయట గ్యాసు బండల దగ్గర ఉంది.

"ఇంటామె మంచిగున్నదా సార్?" అన్నాడు మామూలుగా.

"లేదు. మే నెలలో పోయింది."

మొగిలి నోట్లో ఉన్న వెలిగించని బీడీ తీసి చెవి వెనక పెట్టుకున్నాడు. పీట నా వైపు జరిపాడు.

"ఈడ కూసోండ్రి సార్. నిప్పు ముందట మాట్లాడకున్నా నడుస్తది."

నిజమే, నడిచింది.

శుక్రవారం పొద్దున హుమేరా టీ తేవడానికి వెళ్లి, గ్లాసులు మరిచిపోయి వెనక్కి వచ్చింది. నేను ఆమె వెనకే ఉన్నాను. బాయిలరు ముందు మొగిలి నడుం వంచి నిలబడ్డాడు. ఎడమచేత్తో అద్దం కిటికీ తెరిచాడు. కుడిచేత్తో ఒక చీపురుపుల్లను లోపలికి దూర్చి, బయటికి తీసి, కొసన వెలిగే నిప్పుతో నింపాదిగా బీడీ ముట్టించుకున్నాడు. లోపల టప్ మన్నది. మంట ఆరింది.

"మల్ల ఆరింది సూడు, పాడుముండ," అన్నాడు మొగిలి ఎంతో బాధగా, పొగ వదులుతూ.

"కాకా!"

బీడీ కిందపడింది.

హుమేరాకు కోపం కంటే ముందు లెక్క అందింది. పొగగొట్టం లోపలి గాలిని ఎప్పుడూ పైకి లాగుతూ ఉంటుంది. అద్దం తెరిస్తే బయటి గాలి ఆ సందులోంచి జొరబడి మంటను పక్కకు తోస్తుంది. కన్నుకు మంట కనపడదు, గ్యాసు కట్టేస్తుంది. ఐదు రోజులుగా ఆమె వెతుకుతున్న లోపం ఒక చీపురుపుల్ల.

"కొత్తది పెట్టినంక లోపట బీడీ తాగద్దని చెప్పలేదా?"

"తాగద్దని ఎవరన్నరు బిడ్డా? అగ్గిపెట్టె తేవద్దన్నరు." మొగిలి రెండు జేబులూ బయటికి తిప్పి చూపించాడు. "చూసుకో. గేటు కాడ సేటు డబ్బా ఏలాడదీసిండు. పొద్దుగాల్ల రాంగనే నా అగ్గిపెట్టె దాంట్లనే ఏస్తున్న. ఒక్కనాడన్న తప్పిన్నా? పాత బర్నరు నోరు తెర్సుకొనే ఉండేది, అందరం దాంట్లనే ముట్టిచ్చుకునేటోళ్లం. దీనికేమో కిటికీ పెట్టినవ్. పెట్టినవంటే తెరువుమన్నట్టే గదా!"

హుమేరా నా వైపు చూసింది. నేను కిందపడ్డ బీడీని చెప్పుతో నలిపాను.

"మరి బుధవారం కాకా? నువ్వు లేవు. అయినా ఆరింది."

"బుధవారం నేను వీర్నపల్లిల ఉన్న. కావాల్నంటే ఆడ తిన్న బువ్వ మీద ఒట్టు." అప్పటికి గాని మొగిలికి అసలు భయం పట్టుకోలేదు. గొంతు తగ్గింది. "సేటుకు చెప్తవా బిడ్డా? చెప్తె గేటు అవుతల నిలవెడ్తడు. ఈ వయసుల ఇంకో బాయిలరు ఎవడిస్తడు?"

హుమేరా గ్లాసుల సంగతి వదిలేసి తిన్నగా రాజమౌళి గదికి వెళ్లింది. మొగిలి పేరు చెబితే చాలు, బర్నరు మీది నింద పోతుంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"సేటు, తప్పు దొరికింది," అన్నది. "నాదే. అద్దం చేతితోని తెరిచేటట్టు పెట్టిన. తెరుచుకుంటే గాలి పోయి మంట ఆరుతున్నది. ఇయ్యాల్ల దాన్ని బోల్టులేసి బిగిస్త. రేపొక్క రోజు చూడుండ్రి."

"నీదే తప్పంటున్నవా?"

"నాదే. తెరుచుకునేది పెడితే మనుషులు తెరుస్తరు. నేను ముందుగాల్నే ఆలోచించాలె."

రాజమౌళి ముఖం ఎందుకో కొంచెం ఇబ్బందిగా ఉంది. ఆడపిల్లను నిలదీసినందుకేమో అనుకున్నాను. "రేపొక్కటే," అన్నాడు. "రేపు బడిపిల్లల యూనిఫాం బట్ట ఎక్కుతది. నీలం. మచ్చ పడ్డదంటే పిల్లలందరు జింకలే."

ఆ సాయంత్రం బాయిలరు చల్లారాక హుమేరా మందపాటి అద్దం వేసి, నాలుగు వైపులా బోల్టులు బిగించింది. తుడవాలంటే పొయ్యి ఆరాక పానా పెట్టి విప్పాల్సిందే. మొగిలి పానా అందించాడు. ప్రతి బోల్టుకూ ఒక నిట్టూర్పు కూడా అందించాడు.

శనివారం పొద్దున నీలం బట్ట తొట్టిలోకి దిగింది. మంట చప్పుడు చేయకుండా మండుతూనే ఉంది. మొగిలికి బీడీ గుర్తుకొచ్చినప్పుడల్లా లేచి, అద్దాన్ని ఒకసారి దీనంగా చూసి, గేటు బయటికి నడిచి, తాగి తిరిగొచ్చాడు. "ఈ నడకకు నా మోకాళ్లు అరిగితే నువ్వే బాధ్యురాలివి బిడ్డా," అన్నాడు. ఆవిరి ముల్లు మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు.

మధ్యాహ్నం మొగిలి మళ్లీ గేటు దాకా పోయాడు. సకీనాబీ కట్టిచ్చిన డబ్బాలు విప్పుకుని నేనూ హుమేరా నీళ్ల ట్యాంకు వెనక నీడలో కూర్చున్నాం. అక్కడినుంచి బాయిలరు మాకు కనపడుతుంది. మేము ఎవరికీ కనపడం.

రాజమౌళి లోపలికి వచ్చాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. తనిఖీకి వచ్చాడనుకున్నాను. బాయిలరు ముందు వంగి అద్దాన్ని ఒక చేత్తో పక్కకు లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. నుదురు తుడుచుకుని, మూలనున్న చీపురు దగ్గరికి వెళ్లి ఒక పుల్ల పీకి, తిరిగొచ్చి ఆ పుల్లతో అద్దం అంచును తవ్వడం మొదలుపెట్టాడు.

చివరికి ఓపిక నశించింది.

"మొగిలీ! గీ అద్దం ఎందుకు వస్తలేదురా?"

హుమేరా చేతిలోని రొట్టె డబ్బాలో పెట్టేసి లేచి అటు నడిచింది, వెనకే నేను. "ఎందుకు రావాలె సేటు?"

రాజమౌళి ఉలిక్కిపడి తిరిగాడు. చేతిలో చీపురుపుల్ల. చెవి వెనక సిగరెట్టు.

"తుడుద్దామని... అద్దం."

"చీపురుపుల్లతోనా?"

కేక విని పరిగెత్తుకొచ్చిన మొగిలి గుమ్మంలోనే ఆగాడు. పుల్లను చూశాడు. చెవిని చూశాడు. ముఖం మెల్లగా పున్నమి చంద్రుడిలా విచ్చుకుంది.

"సేటూ... మీరు గూడనా!" అని, వెంటనే హుమేరా వైపు తిరిగి, "బుధవారం! నేను చెప్పలేదా బిడ్డా, బుధవారం నేను వీర్నపల్లిల ఉన్న!" అన్నాడు.

"నువ్వు గూడ అంటే? నువ్వు గూడ తెరుస్తున్నవారా?" అన్నాడు రాజమౌళి.

మొగిలి నోరు టప్పున మూసుకుంది. అయితే చెవి వెనక సిగరెట్టు పెట్టుకున్న మనిషి ఆ ప్రశ్నను ఎంతో దూరం లాగలేడు. రాజమౌళి పీట మీద కూలబడి నన్ను పెద్దమనిషిగా ఎంచి మొరపెట్టుకున్నాడు.

"ఏం జెయ్యాలె సారూ! మా ఇంటామె దుర్గవ్వ తాగనియ్యది. పొద్దుగాల్ల ఇంట్లకెల్లి ఎల్లంగ జేబులు దులిపి పంపుతది. సిగరెట్ అంటే ఏడనన్న దాస్త. అగ్గిపెట్టె సప్పుడైతది గదా, ఏడ దాస్త? గేటు కాడి డబ్బా నేనే పెట్టిచ్చిన. దాంట్ల నేనే చెయ్యి పెడితే నా ఇజ్జత్ ఏముంటది?"

"గందుకని పొయ్యిల చెయ్యి పెట్టిండ్రు," అన్నాడు మొగిలి సానుభూతిగా.

"నువ్వు సప్పుడు జెయ్యకు!"

హుమేరా నవ్వలేదు. నవ్వు ఆపుకుంటూ పెదవులు బిగించడం నాకు మాత్రం కనపడింది. "అయితే సేటు, నా బర్నరు ఆరిపోలేదు. మీరే ఆర్పిండ్రు."

రాజమౌళి లేచి ఆవిరి ముల్లు చూశాడు. తొట్టి దగ్గరికి వెళ్లి తడి బట్ట అంచు ఎత్తి, వెలుతురుకు పెట్టి, అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడ చూసినా ఒకే నీలం. మళ్లీ తిప్పాడు, మచ్చ దొరికితే బాగుండునన్నట్టు. దొరకలేదు.

"మొగిలీ, రేపు ఆ పాతదాన్ని తీసి పాత ఇనుపసామానోనికి ఇచ్చెయ్యి," అన్నాడు బట్ట వదిలేసి. తరువాత హుమేరాతో, కొంచెం గొంతు సవరించుకుని, "అవుతల షెడ్డుల పెద్ద బాయిలరున్నది. దానికి గిసోంటిది చేస్తవా?"

"చేస్త."

"ఎన్ని దినాలు పడుతది? గ్యాసు ఎంత తక్కువైతది? దానికి గూడ కిటికీ బోల్టులతోనేనా?"

"అన్ని చెప్త సేటు. గని గా సిగరెట్ చెవు ఎనుక పెట్టుకొని ఈడ నిలవడద్దు. గేటు అవుతల మాట్లాడుకుందాం, నడువుండ్రి."

ఆ షెడ్డు యజమాని తల దించుకుని, క్లాసు బయటికి పంపిన పిల్లవాడిలా, ఆమె ముందు నడిచాడు.