ఆరని బ్రేకు దీపం

మా అబ్బాయి అద్దె కారు నడుపుతాడు. పొద్దున బండి తీసేముందు నేను వెనక నిలబడాలి, వాడు బ్రేకు తొక్కాలి, ఎర్రదీపాలు వెలిగాయని నేను చెబితేనే గేటు దాటాలి. ఈ పద్ధతి నేను పెట్టిందే. మా అమ్మ మబ్బు పడితే గొడుగు కొనదు, పడవ కొంటుంది అని వాడు తోటి డ్రైవర్లతో అంటాడట. అననీ.

ఈమధ్య ఆ దీపాలు ఆరడం మానేశాయి. రోడ్డు మీద వెనకవాళ్లు హారన్లు కొట్టి తిడుతున్నారని వాడే చెప్పాడు. ఎప్పుడూ వెలిగే ఉంటే, నిజంగా ఆగేటప్పుడు వెనకవాడికి ఎలా తెలుస్తుంది? వద్దంటున్నా వినకుండా వాడితోపాటు మెకానిక్ దగ్గరికి నేనూ వెళ్లాను.

మెకానిక్ స్టీరింగు కింద తల దూర్చి, బ్రేకు పెడల్‌కి పైన ఉన్న చిన్న సెన్సర్ చూపించాడు. పెడల్ కాస్త కదిలినా అది వెనక దీపాలకు కబురు పంపుతుందట. దుమ్ము పట్టినా, వైరు వదులైనా ఆ కబురు తప్పుతుందట. దుమ్ము తుడిచాడు, వైరు బిగించాడు, ఎందుకైనా మంచిదని చివరికి కొత్తదే వేశాడు. చేత్తో పెడల్ నొక్కి వదిలాడు. దీపాలు వెలిగి ఆరాయి. నా ప్రాణం కుదుటపడింది. మార్చుకోగలిగే ముక్కే చెడిపోవడం కూడా అదృష్టమే అనుకున్నాను.

మర్నాడు పొద్దున మళ్లీ వెనక నిలబడ్డాను. దీపాలు వెలిగాయి. ఇక కాలు తియ్యమన్నాను.

"తీశానమ్మా," అన్నాడు.

దీపాలు ఎర్రగా అలాగే ఉన్నాయి. మళ్లీ చెప్పాను. తీసి ఎంతసేపయిందో, ముందు నీ కళ్లజోడు మార్పించాలి అని నవ్వాడు. మెకానిక్‌ను తిట్టుకుంటూ వాడి తలుపు దగ్గరికి వెళ్లి లోపలికి వంగాను.

వాడి కుడికాలు పెడల్ మీదే ఉంది.

షుగర్ వచ్చినప్పటి నుంచి పాదాలు మొద్దుబారుతున్నాయని ఒకసారి అన్నాడు. తిమ్మిరేలే అని వాడే కొట్టిపారేశాడు. ఇప్పుడు చూస్తే చెప్పు ఒరుసుకున్నచోట పుండు పడి, నెత్తురు ఎండిపోయి ఉంది. మెల్లగా చెయ్యి చాచి వాడి బొటనవేలు గిల్లాను. గట్టిగానే గిల్లాను.

వాడు ఎదురుగా రోడ్డు వైపే చూస్తూ, "ఆరాయా?" అని అడిగాడు.

చీమ కుట్టినా ఊరంతా లేపే నోరు నాది. ఆ పూట ఇంకోసారి గిల్లాను. వాడు తల తిప్పి నా ముఖం చూశాడు, తర్వాత నా చెయ్యి ఎక్కడుందో చూశాడు. ఆపైన రెండు చేతులతో తన మోకాలిని పట్టి ఎత్తి, కాలు పక్కకు పెట్టుకున్నాడు. వెనక గోడమీది ఎర్రటి వెలుగు పోయింది.

"సెన్సర్ మంచిదేనమ్మా," అన్నాడు.

అంతలో ఫోను మోగింది. రోజూ మావాడి కారులో ఆఫీసుకు వెళ్లే ఆయన. వాడు ఫోనూ తాళంచెవీ కలిపి నా చేతిలో పెట్టాడు.

"ఇవాళ రాలేనని చెప్పు."

ఇవాళ అనే చెప్పాను.