తడిసిన సర్టిఫికెట్

"గేటు కాపలా సుకార్ది ఈ రోజూ నీ సర్టిఫికెట్ లేదంటే ఏం చేస్తామే? బీరువాలో దానికి చెదలు పట్టేసి ఉంటే?" అన్నాను, ఇంకా చెప్పులైనా తొడుక్కోకముందే.

నా కూతురు వుర్యాని చెప్పులు తొడుక్కుని గుమ్మం దిగింది. అది పనిచేసే బట్టల ఫ్యాక్టరీ మూతపడి నలభై రోజులు. ఆనాటి నుంచి నాతో మాట్లాడటం మానేసింది.

"నీ భయాలకి జీతమిస్తే మనింట్లో నువ్వొక్కదానివే ఉద్యోగస్తురాలివి," అన్నాడు మా ఆయన తుకిమాన్. టోల్ గేటులో డబ్బులు తీసుకునేవాడు. కార్డులొచ్చి ఆ పని పోయింది. ఇప్పుడు బండి మీద మనుషుల్ని దింపుతాడు, బేరం దొరికిన రోజున.

తప్పు నాదే. పనిలో చేర్చుకునేటప్పుడు ఫ్యాక్టరీవాళ్లు స్కూలు సర్టిఫికెట్ అసలుదే తీసుకుని బీరువాలో పెట్టుకుంటారు, మనిషి మధ్యలో మానేయకుండా. వుర్యాని ఇవ్వనంది. నేనే బతిమాలి ఇప్పించాను. పోటు వస్తే సముద్రం మా మంచాల కిందికే వస్తుంది. అక్కడైతే తడవదు కదా అనుకున్నాను.

రేపు చెప్పుల ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూ. అసలుది చూపించాలి. ఇరవై ఆరు నిండితే తీసుకోరు. వచ్చే నెలలో దానికి నిండుతాయి.

మూతపడిన ఫ్యాక్టరీ గేటు దగ్గర సుకార్ది ఇంకా కాపలా యూనిఫాంలోనే కూర్చుని ఉన్నాడు.

"జీతం ఎవరిస్తున్నారన్నా?" అని అడిగాను.

"ఎవరూ ఇవ్వట్లేదక్కా. గేటొదిలి వెళ్తే రావాల్సిన పాత జీతం కూడా ఎగ్గొడతారు."

మూడుసార్లు తిప్పి పంపినవాడు ఈసారి వుర్యాని ముఖం చూసి లేచాడు. తన గదిలోంచి సంచి తెచ్చాడు.

"ఆఫీసుకి సీలు వెయ్యకముందే తీసి దాచా. నా సర్టిఫికెట్టూ ఇందులోనే ఉంది. అప్పటికే కప్పు కారి బీరువా అంతా తడిసిందక్కా. ఎవరికీ చెప్పొద్దు, నన్ను లోపలేస్తారు."

వుర్యాని సర్టిఫికెట్ మీద నీలం సిరా పాకిపోయి ఉంది. ఫోటోలో సగం ముఖం లేదు. గేటు పక్క గట్టు మీద కూర్చున్నాను.

"సముద్రానికి భయపడి తీసుకొచ్చి వాన కింద పెట్టాను తల్లీ. రేపు వాళ్లు ఇది చెల్లదంటే?"

అది కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. పేరున్న వరుస మీద వేలు పెట్టి చూసింది. తర్వాత దాన్ని నా ఒళ్లో పెట్టింది.

"పేరు కనిపిస్తోందమ్మా," అంది. "రేపు ఇంటర్వ్యూకి నువ్వూ రా."